తేదీల పట్టికలో బయటపడ్డ తప్పు: పర్లాకిమిడిలో ఒక డిగ్రీ ప్రాజెక్టు

జనవరి రెండో వారంలో నా టేబుల్ మీదికి 64 పేజీల ప్రాజెక్టు రిపోర్టు వచ్చింది. స్పైరల్ బైండింగ్, పైన ప్లాస్టిక్ అట్ట, అట్ట మీద నీటి బొట్టు బొమ్మ. బీఎస్సీ ఆఖరి ఏడాది కెమిస్ట్రీ పిల్లలు ముగ్గురు కలిసి రాశారు. నేను చదవకముందే బైండింగ్ కూడా చేయించేశారంటే, నేను దిద్దేదేమీ ఉండదని వాళ్ళ ధైర్యం. నాకూ అలాగే అనిపించింది. ల్యాబ్‌లో వాళ్ళ పని చూశాను. టైట్రేషన్ (గీతలున్న గాజు గొట్టం, అంటే బ్యూరెట్‌లోంచి ద్రావణాన్ని చుక్క చుక్కగా వదిలి, రంగు మారేచోట ఆపి లెక్కగట్టడం) ఓపికగా, బాగా చేసే పిల్లలు.

ఆ తరవాత మూడు నెలల్లో ఆ 64 పేజీలు 19 అయ్యాయి. పేరు మారింది, గ్రాఫులు మారాయి, తేల్చామనుకున్న తేడా మూడో వంతుకు పడిపోయింది. అదంతా ఎలా జరిగిందో ఇక్కడ రాస్తున్నాను. ఇందులో పెద్ద తప్పు నాదే కాబట్టి చెప్పడానికి మొహమాటం లేదు.

మామ్మ పప్పు

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. ఊరు దాటి కాస్త వెళ్తే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు ఇటు వచ్చింది. తెలుగు ఇళ్ళలో తెలుగు అలాగే ఉండిపోయింది. మా పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడతారు, పరీక్ష ఇంగ్లిష్‌లో రాస్తారు. ఈ ప్రాజెక్టు ముగ్గురిలో ఒకమ్మాయిది ఊళ్ళోని తెలుగు ఇల్లు, ఒకబ్బాయిది అదే ఊళ్ళో ఒడియా ఇల్లు, మూడోవాడు గుమ్మా కొండల వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సవర కుర్రాడు.

ప్రశ్న పుట్టింది ఆ అమ్మాయి వంటింట్లో. ఇంట్లో బోరు ఉన్నా మామ్మ పప్పు వండడానికి మాత్రం వీధి చివర నూతి నీళ్ళే తెప్పిస్తుంది. "బోరు నీళ్ళల్లో పప్పు ఉడకదే, ఎంత గాసని తగలేస్తావు?" అంటుందట. మామ్మ మాటకు కెమిస్ట్రీ ఉంది. నీళ్ళలో కాల్షియం ఎక్కువుంటే అది పప్పు గింజ కణాల గోడల్లోని పెక్టిన్‌ను పట్టుకుని గట్టిపరుస్తుంది, గింజ మెత్తబడదు. సబ్బు నురగ రాకపోవడానికీ, నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడానికీ కారణం ఈ కఠినతే.

ప్రాజెక్టుకు ఏం చేస్తారని అడిగినప్పుడు ఆ అమ్మాయి ఇదే చెప్పింది: మన వీధుల్లో నూతి నీళ్ళ కన్నా బోరు నీళ్ళు నిజంగా కఠినమా? అంతకన్నా మంచి ప్రశ్నను నేను ఇవ్వలేకపోయేవాణ్ణి. చేయగలిగినంత చిన్నది, ఔనో కాదో తేలేది, ఖర్చు లేనిది.

రిపోర్టుకు వచ్చేసరికి ఆ ప్రశ్న ఎక్కడా లేదు. దాని పేరును తెలుగులో చెప్పాలంటే "గజపతి జిల్లా భూగర్భ జలాల సమగ్ర భౌతిక రసాయన విశ్లేషణ". వాళ్ళు కొలిచింది ఒక్క కఠినత. చూసింది ఒక్క ఊళ్ళో 12 నూతులు, 12 బోర్లు. మొదటి పేజీ భూమి ఉపరితలంలో 71 శాతం నీరే అన్న మాటతో మొదలైంది. నేను ఇన్నేళ్ళలో చూసిన నీటి ప్రాజెక్టులన్నీ ఆ 71 శాతంతోనే మొదలయ్యాయి. మామ్మ మాత్రం మొదటి పేజీలోనూ లేదు, అరవై నాలుగో పేజీలోనూ లేదు.

పదమూడో వరస

రిపోర్టు దిద్దించేటప్పుడు నేను మొదటి పేజీ నుంచి మొదలుపెట్టను. చేసిన పనిని రాసిన అధ్యాయం, అంటే మెథడ్స్, ముందు తీస్తాను. అక్కడ గొప్పలకు చోటుండదు, చేసింది చేసినట్టు రాయాలి. వాళ్ళది అర పేజీ: "నీటి నమూనాలను వివిధ ప్రాంతాల నుంచి సేకరించి, ప్రామాణిక పద్ధతిలో పరీక్షించడమైనది." ఆ అర పేజీ చదివి ఇంకొకరు అదే పని చేయగలరా అని అడిగాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సరే, వివరంగా రాయమన్నాను. సీసా ఏది, దాన్ని అదే నీళ్ళతో మూడుసార్లు కడిగారా, బోరు నీళ్ళు పట్టే ముందు మోటారు ఎంతసేపు వదిలారు. కఠినతను కొలవడానికి వాడే ఈడీటీఏ ద్రావణం లీటరుకు ఎన్ని గ్రాములు తూచారు (0.01 మోలార్‌కు 3.72 గ్రాములు), దాన్ని దేనితో సరిచూశారు. బఫర్ పీహెచ్ పది, రంగు మార్చి చూపించే ఎరియోక్రోమ్ బ్లాక్ టీ ఎన్ని చుక్కలు, ఎర్రటి ద్రాక్ష రంగు పూర్తిగా పోయి నీలం వచ్చాక ఆపారా, ఇంకా ఊదాగా ఉండగానే ఆపారా. ఇవన్నీ వాళ్ళకు తెలుసు. రాయాల్సిన సంగతులని తెలీదు, అంతే. చేసే పని అలవాటైపోతే అది కంటికి ఆనదు.

వీటితో పాటు ఒక పట్టిక వేయమన్నాను. నమూనా నంబరు, నుయ్యా బోరా, ఏ వీధి, ఇంటివాళ్ళు చెప్పిన లోతు, పట్టిన తేదీ, పట్టిన మనిషి, టైట్రేషన్ తేదీ. నోటుబుక్కు చూసి ఎక్కించడమే కదా, అరగంట పని. (నోటుబుక్కు అంటున్నాను గానీ, కొన్ని రీడింగులు పాత హాల్‌టికెట్ జిరాక్సు వెనకాల ఉన్నాయి. అది వేరే గొడవ.)

ఒడియా అబ్బాయి స్టాఫ్ రూములో నా ఎదురుగానే కూర్చుని పట్టిక నింపుతున్నాడు. పదమూడో వరస దగ్గర పెన్ను ఆగింది.

"సార్, ఇక్కణ్ణుంచి అన్నీ ఆగస్టే."

మొదటి 12 వరసలు బోర్లు. అన్నీ మే ఆఖరి వారంలో పట్టినవి. సెలవుల్లో మిగతా ఇద్దరూ అందుబాటులో లేకపోతే ఆ అబ్బాయి ఒక్కడే సైకిలు మీద తిరిగి పట్టాడు. తరవాతి 12 నూతులు. కాలేజీ తెరిచాక మిగతా ఇద్దరూ ఆగస్టులో పట్టారు. మధ్యలో వర్షాకాలం వచ్చింది. వాన నీళ్ళు ఊరిన నూతిని, మండుటెండల్లోని బోరుతో పోల్చి, "నూతి నీళ్ళ కఠినత సగటు 192, బోరు నీళ్ళది 338, తేడా 146" (అన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో) అని లావు అక్షరాల్లో అచ్చు వేసుకున్నాం. ఆ తేడాలో నూతి వాటా ఎంత, వాన వాటా ఎంత? చెప్పే దారి లేదు.

ఆ నోటుబుక్కులో నేను వారం వారం సంతకం పెట్టాను. ప్రతి పేజీలో తేదీ ఉంది. ఒక్కసారీ అడగలేదు. ల్యాబ్‌లో టైట్రేషన్ చూస్తున్నానే గానీ సీసా ఎప్పుడు నిండిందో చూడలేదు. మెథడ్స్ అధ్యాయం ఆ అర పేజీతోనే వదిలేసి ఉంటే తప్పు ఎవరికీ కనబడేది కాదు, మార్కులు కూడా బాగానే పడేవి.

ఇక్కడ జరిగిన సంభాషణ ఈ కేసులో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆ అమ్మాయి చాలాసేపు ఆలోచించి, "సార్, 'నమూనాలను మే, ఆగస్టు నెలల మధ్య సేకరించాం' అని రాస్తే సరిపోతుంది కదా. అబద్ధం కాదు కదా," అంది. అబద్ధం కాదు, నిజమే. అక్షరం అక్షరం నిజమైన ఆ వాక్యం చదివినవాళ్ళు నూతులూ బోర్లూ కలిపి ఆ నెలలన్నిటా పట్టారనుకుంటారు. నేను తిట్టలేదు. ఆ పేజీని వెనక్కి తిప్పి, "ఇది నువ్వు రాసింది కాదు, ఎవరో రాసింది అనుకో. ఈ వాక్యం చదివి నీకేం అర్థమైంది?" అని అడిగాను. కాసేపటికి తనే కొట్టేసింది.

మిగిలిన దారులు రెండు. ఉన్నదున్నట్టు రాసి, పరిమితుల కింద తప్పు ఒప్పుకుని వదిలేయడం ఒకటి. మళ్ళీ చేయడం రెండోది. రెండోదానికి ఒప్పించింది సవర కుర్రాడు. "వానలు పోయాయి కదా సార్, ఇప్పుడు రెండూ ఒకేరోజు పడితే అయిపోతుంది," అన్నాడు. అయిపోయేదే.

రెండు ఆదివారాలు

ఈసారి 24 పట్టలేదు. నుయ్యీ బోరూ రెండూ దగ్గర దగ్గరగా ఉన్న వీధులు ఎనిమిది దొరికాయి. ఫిబ్రవరిలో ఒక ఆదివారం నాలుగు వీధులు, పై ఆదివారం నాలుగు. ఏ వీధిలోనైనా రెండు సీసాలూ గంటలోపే నిండాలి. ఒడియా అబ్బాయి సీసాలకు ఒట్టి నంబర్లు అంటించి, ఏది నుయ్యి ఏది బోరు అన్న చీటీ తన దగ్గరే పెట్టుకున్నాడు. టైట్రేషన్ చేసే అమ్మాయికి తెలీదు. తెలిస్తే చెయ్యి తెలీకుండానే ఒక చుక్క ముందో వెనకో ఆగుతుంది. మామ్మ మనవరాలు కదా, ఆ అమ్మాయికి నుయ్యి గెలవాలని ఉంటుంది.

ఒక్కో నమూనాకు మూడు టైటర్లు (రంగు మారేసరికి ఖర్చయిన ద్రావణం కొలతలు), వాటి మధ్య తేడా 0.1 మిల్లీలీటరు దాటకూడదు. ఈ 0.1 గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే పాత రిపోర్టులో 312.4567 లాంటి అంకెలున్నాయి. మా బ్యూరెట్ గీతలు 0.1 మిల్లీలీటరువి. 50 మిల్లీలీటర్ల నీళ్ళు తీసుకుని 0.01 మోలార్ ఈడీటీఏ వాడితే టైటర్‌ను 20తో గుణించాలి. అంటే బ్యూరెట్ మీద ఒక గీత జరిగితే జవాబు లీటరుకు 2 మిల్లీగ్రాములు మారుతుంది. 2 దగ్గరే తడబడే పనిముట్టుతో దశాంశం తరవాత నాలుగు స్థానాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఎక్సెల్ ఇచ్చింది, వీళ్ళు రాసుకున్నారు. ఈ లెక్క బోర్డు మీద వేసి చూపించాక వాళ్ళే రిపోర్టంతా తిరగేసి చుక్క తరవాతి అంకెలు పీకేశారు.

కొత్త ఫలితం ఇది. ఎనిమిది వీధుల్లో బోరులోంచి నూతిని తీసేస్తే వచ్చిన తేడాలు: 96, 64, 120, మైనస్ 18, 38, 82, మైనస్ 26, 52. సగటు 51, ప్రామాణిక విచలనం (సగటు నుంచి అంకెలు ఎంత చెదిరాయో చెప్పేది) 52. ఈ తేడా కాకతాళీయమా అని చూసే జంటల టీ పరీక్షలో టీ విలువ 2.79 వచ్చింది. ఏడు స్వేచ్ఛా పరిమాణాలకు (జంటల సంఖ్యలో ఒకటి తక్కువ), 5 శాతం స్థాయిలో పట్టికలో ఉండేది 2.365, మనది దాన్ని దాటింది. కాబట్టి తేడా ఉందనే చెప్పవచ్చు. కానీ 146 ఎక్కడ, 51 ఎక్కడ! పైగా రెండు వీధుల్లో నూతి నీళ్ళే ఎక్కువ కఠినం.

సగటు పక్కన 95 శాతం అవధి, అంటే అసలు తేడా ఉండగలదని నమ్మదగ్గ హద్దులు కూడా రాయించాను: 8 నుంచి 94 వరకు. ఆ అమ్మాయికి ఇది నచ్చలేదు. "ఇంత వెడల్పు చూపిస్తే మనకేం తెలీదని అనుకుంటారు సార్." ఎనిమిది జంటలతో తెలిసేది అంతే మరి. తెలిసినంత వెడల్పే చూపించాలి.

గ్రాఫు సంగతి. పాతది రెండు లావు త్రీడీ స్తంభాలు, ఒకటి నీలం, ఒకటి నారింజ. దానివల్ల రెండు సగటులు తప్ప ఇంకేమీ తెలీదు. కొత్త దాంట్లో ఎడమ వైపు ఎనిమిది చుక్కలు నూతులవి, కుడి వైపు ఎనిమిది బోర్లవి, ఒకే వీధివి రెండూ ఒక గీతతో కలిపారు. ఆరు గీతలు పైకి ఎక్కుతాయి, రెండు దిగుతాయి. రిపోర్టు మొత్తం ఆ ఒక్క బొమ్మలో ఉంది. పాత కొలతలు పారేయలేదు. ఎందుకు వాడలేదో నాలుగు వాక్యాల్లో చెప్పి చివర అనుబంధంలో పెట్టారు.

దిగిన రెండు గీతలు పిల్లల్ని నిద్రపోనివ్వలేదు. ఒక నుయ్యి దగ్గర ఇంటావిడ బ్లీచింగ్ పౌడర్ వేశామని చెప్పింది. బ్లీచింగ్‌లో కాల్షియం ఉంటుంది, కారణం దొరికిందని సంబరపడి డిస్కషన్‌లో పేరా రాసేశారు. లెక్క వేయమన్నాను. మామూలుగా వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు వేస్తారు. అంటే లీటరుకు రెండున్నర మిల్లీగ్రాముల పొడి. అది మొత్తం కాల్షియమే అనుకున్నా, కఠినతను చెప్పే కాల్షియం కార్బొనేట్ లెక్కలోకి మార్చితే ఆరు దాటి కొంచెం. మనకు కావలసింది 18, 26. చాలదు. పేరా పోయింది. దాని స్థానంలో వచ్చిన వాక్యం: "ఈ రెండు నూతుల్లో తేడా ఎందుకు తిరగబడిందో మా కొలతలు చెప్పలేవు." డిగ్రీ పిల్లల రిపోర్టులో అలాంటి వాక్యం చదవడం నాకు అదే మొదలు.

అరువు మాటలు

కాపీ సంగతి ఇక్కడ త్వరగా ముగిస్తాను. మొదటి ప్రతిని కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో పెడితే 38 శాతం పోలిక వచ్చింది, దాదాపు అంతా ఇంట్రడక్షన్‌లోనే. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం వరకే మినహాయింపు, 10 దాటి 40 వరకు మొదటి స్థాయి తప్పు. శాతం తగ్గించడానికి పిల్లలు చేసే పని తెలిసిందే: మాటకు బదులు మాట మార్చి, వాక్యాన్ని తలకిందులు చేసి, అర్థం చెడగొట్టడం. వీళ్ళు ఇంకో అడుగు వేసి డిస్కషన్‌ను చాట్‌బాట్‌తో రాయించారు. ఇంగ్లిష్ తళతళలాడింది. అది ఉదహరించిన పేపర్లలో మూడు ఎంత వెతికినా దొరకలేదు, ఎందుకంటే అవి లేవు. నేను పెట్టిన షరతు ఒకటే: పేపరును పీడీఎఫ్‌గా తెరిచి, మీరు వాడుకున్న వాక్యం నాకు చూపిస్తేనే రిపోర్టులో ఉంటుంది. జాబితా 27 నుంచి 9కి వచ్చింది.

ఇంట్రడక్షన్ ఎలా తిరిగి రాశారన్నది మాత్రం చెప్పుకోవలసిందే. ఆ అమ్మాయి ఎన్నిసార్లు రాసినా మళ్ళీ 71 శాతం దగ్గరికే పోతోంది. చివరికి, "ఇంటికెళ్ళి మీ మామ్మకు తెలుగులో చెప్పు, ఫోన్‌లో రికార్డు చెయ్యి," అన్నాను. మూడు నిమిషాల రికార్డింగు తెచ్చింది. అందులో పప్పు ఉంది, బోరు ఉంది, ఎందుకు కొలవాలనుకున్నారో ఉంది, ఏం అనుమానమో ఉంది. దాన్నే ఇంగ్లిష్‌లోకి మారిస్తే ఒక పేజీ ఇంట్రడక్షన్ వచ్చింది. దానికి భారత ప్రమాణం ఐఎస్ 10500:2012 అంకెలు మాత్రం చేర్చాం: కఠినత 200 వరకు ఆమోదయోగ్యం, వేరే దారి లేనిచోట 600 వరకు అనుమతి.

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్ళోనే. సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని, దానికి ఆయన చేసిన మాన్యువల్ 1931లో అచ్చయింది. సవర కుర్రాడికి ఈ సంగతి చెబితే, "అయితే నేనూ మా ఇంట్లో సవరలో చెప్పి చూస్తాను సార్," అన్నాడు. పండగకు వెళ్ళి చెప్పాడట. "కఠినత"కు మాట దొరక్క "సబ్బు నురగ రాని నీళ్ళు" అని చెప్పాడట, అందరికీ అర్థమైందట. సెమినార్‌లో వాడి మొదటి వాక్యం కూడా అదే అయింది.

పది నిమిషాలు

డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో ముగ్గురికీ కలిపి పది నిమిషాలు. మొదటి రిహార్సల్‌కు 31 స్లైడ్లు తెచ్చి, తెర వైపు తిరిగి చదవడం మొదలుపెట్టారు. పద్నాలుగో స్లైడు దగ్గర టైమయిపోయింది, ఫలితం ఇంకా రాలేదు. 31ని 7కి తెచ్చాం. నాలుగోది చుక్కలూ గీతల బొమ్మ. దాని మీద రెండున్నర నిమిషాలు నిలబడాలని నియమం. ముందు అడ్డం ఏమిటో నిలువు ఏమిటో చెప్పాలి, ఆ తరవాత ఒక్క గీతను వేలితో చూపించి చదవాలి, అప్పుడు మిగతావి. చూసేవాళ్ళకు బొమ్మ చదవడం రాకముందే దాని అర్థం చెప్పేస్తే వాళ్ళకు ఏదీ మిగలదు. టెన్షన్‌తో ఆ అమ్మాయి రెండున్నర నిమిషాల మాటలు నలభై సెకన్లలో అనేసేది. ఐదు రిహార్సళ్ళు పట్టింది.

ప్రశ్నలకు కూడా తయారు చేశాను, కానీ అసలు ప్రశ్న నాకు తట్టలేదు. అది రిహార్సల్‌కు ముందే మామ్మ అడిగేసింది. రికార్డింగ్ చివర వినిపిస్తుంది: "అయితే మన నూతి నీళ్ళే మంచివంటావా?" మనవరాలు "ఔను" అనేసింది. ఆ "ఔను" మీద క్లాసులో గంటసేపు మాట్లాడుకున్నాం. మెత్తని నీళ్ళు అంటే మంచి నీళ్ళు కాదు. మూత లేని నూతిలో సూక్ష్మజీవులు ఉండే అవకాశం ఎక్కువ. వాళ్ళు బాక్టీరియా కొలవలేదు, నైట్రేట్ కొలవలేదు, ఫ్లోరైడ్ కొలవలేదు. పప్పు సంగతి చెప్పగలరు, తాగే సంగతి చెప్పలేరు. సెమినార్ రోజున బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు మొదట అడిగింది అదే. ఒడియా అబ్బాయి ఒడియాలోనే నిదానంగా జవాబు చెప్పాడు. రెండో ప్రశ్న, మేలోని బోర్లను ఎందుకు వదిలేశారని. పట్టిక చూపించారు. ఆయన పట్టికను చాలాసేపు చూసి, ఏమీ అనకుండా వెనక్కి ఇచ్చాడు. నాకు ఆ రెండు నిమిషాలు చెమట పట్టింది.

ఇప్పుడు నాలుగేళ్ళ డిగ్రీలో పరిశోధనతో కూడిన ఆనర్స్ వచ్చింది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవాళ్ళు నాలుగో ఏడాది 12 క్రెడిట్ల పరిశోధన చేయవచ్చు. ఈ ముగ్గురిలో ఒక్కడికే ఆ మార్కులున్నాయి. మిగతా ఇద్దరికీ ఇదే మొదటి పరిశోధన, బహుశా ఆఖరిది కూడా. అందుకే మూడో సంవత్సరం ప్రాజెక్టును మార్కుల తంతుగా వదిలేయడం నాకు ఇష్టం ఉండదు.

సెమినార్ అయ్యాక ఒక పని మిగిలింది. నీళ్ళు ఇచ్చిన పదహారు ఇళ్ళవాళ్ళూ "ఏటయింది మా నీళ్ళకి?" అని పిల్లల్ని వీధిలో ఆపి అడుగుతున్నారు. ఇంటికో చీటీ రాశారు, ఒక వైపు తెలుగు, ఒక వైపు ఒడియా: మీ నీళ్ళ కఠినత ఇంత, 600 లోపు ఉంది, మేము ఇదొక్కటే కొలిచాం, తాగడానికి పనికొస్తుందో లేదో దీన్నిబట్టి చెప్పలేం. ఈ నాలుగు ముక్కల చీటీని రిపోర్టు అబ్‌స్ట్రాక్ట్ కన్నా ఎక్కువసార్లు తిరగరాశారు. ఒకాయన చీటీ చదివి, "అయితే ఫిల్టరు కొనమంటారా, వద్దంటారా?" అని అడిగాడట. పిల్లలు ఆయన్ని నీళ్ళు పూర్తిగా పరీక్షించే చోటుకు పంపారు.

గీతలు దిగిన ఆ రెండు నూతులూ ఇంకా తేలలేదు. కింది బ్యాచ్ పిల్లలు ఇద్దరు జులై నుంచి నెలకోసారి వాటి నీళ్ళూ, పక్క బోర్ల నీళ్ళూ ఒకే పొద్దున పడుతున్నారు. వాళ్ళ నోటుబుక్కులో మొదటి గడి తేదీది. వారం వారం సంతకం పెట్టేముందు ఆ గడి నేను పైకి చదువుతున్నాను.